మొక్కు తీరినా మానని దండ

చైత్రం వచ్చిందంటే గంజాం పల్లెల్లో దండనాట ఢోలు మోగుతుంది. ఖల్లికోట వైపూ అంతే. దండువాలు 13 రోజులు, కొన్నిచోట్ల 21 రోజులు ఇల్లు విడిచి, ఒంటిపూట తిండితో, చెప్పుల్లేకుండా ఊరూరా తిరుగుతారు. మిట్టమధ్యాహ్నం కాలే మట్టిలో ధూళిదండ, తర్వాత చెరువులో పాణిదండ, రాత్రికి ఆటపాట. ఏప్రిల్ నడుమ మేష సంక్రాంతితో ముగుస్తుంది.

ఒళ్లు హూనం చేసుకోవడంలో ఆనందమేముంది అని మనవాళ్లే కొందరంటారు. మొక్కుకుని వెళ్లేవాళ్లు చాలామందన్నదీ నిజమే. పిల్లాడి జ్వరం తగ్గితే దండువాగా వస్తానన్నది ఒక రకం బేరమే. చైత్ర మంగళవారాల్లో తారాతరిణి కొండమీద పిల్లల పుట్టువెంట్రుకలు తీయించే మనమేం తక్కువ? బేరం తప్పని నేననను. కష్టంలో ఉన్నవాడు దేవుణ్ణి గాక ఎవర్ని అడుగుతాడు? కానీ అడిగింది దొరికాక ఆ సంతోషం ఎన్నాళ్లు? మరో కోరిక పుట్టేదాకా.

తైత్తిరీయోపనిషత్తు ఆనందవల్లిలో దీనికో లెక్క ఉంది. వయసు, బలం, చదువు, భూమినిండా సంపద ఉన్నవాడి సంతోషం ఒక పాలు. అక్కణ్ణుంచి వందేసి రెట్లు పెంచుకుంటూ గంధర్వులు, దేవతలు, ఇంద్రుణ్ణి దాటి పోతుంది. ఆ ప్రతి మెట్టు దగ్గరా, కోరిక అంటని వేదవేత్తకూ అంతే ఆనందం ఉందంటుంది.

దండువాకు వేదం రాకపోవచ్చు. కానీ మొక్కు తీరాక కూడా ఏటా దండకు వెళ్లేవాళ్లున్నారు. అడగడానికి ఇంకేమీ లేదు, అయినా వెళతారు. భక్తి అక్కడే మొదలైందనుకుంటాను. మనమేమో పిల్లలకు గుడంటే పరీక్షల ముందు వెళ్లే చోటని నేర్పుతున్నాం. పరీక్ష పాసయ్యాక ఊరికే ఓసారి నిర్మలఝరకు తీసుకెళ్లండి. కొబ్బరికాయ కూడా అక్కర్లేదు, ఊటనీళ్ల పక్కన కాసేపు కూర్చోనివ్వండి.