"మంచి పిల్ల" అంటే ఎవరు?



ఈసారి గోడపత్రికకు "మంచి అలవాట్లు" మీద రాయమన్నరు. అలవాట్ల సంగతి తర్వాత. ముందు ఆ "మంచి" అనే మాట సంగతే తేల్చుకోవాలని నా అభిప్రాయం. ఎవరి నోట్లో పడితే వాళ్ళకు కావలసిన అర్థం ఇస్తున్నదది.

పాత వాడుకలు చూడండి. మంచినీళ్ళంటే తాగటానికి పనికొచ్చే నీళ్ళు. మంచిముత్యమంటే అసలు ముత్యం. మంచినూనె అంటే కొన్ని జిల్లాల్లో నువ్వులనూనె, మా దిక్కు పల్లినూనె. ఏదైనా వంటకు పనికొచ్చేదే. పేరులో మంచి ఉన్నదంటే లోపల సరుకు ఉన్నదని లెక్క. మా తండాలో "ఆచో" అంటం, అదీ ఇంతే. చప్పుడు చేయవు గనక మంచినీళ్ళు అన్న పేరు రాలేదు గదా! దాహం తీరుస్తయి గనక వచ్చింది.

మరి హాస్టళ్ళలో మంచి పిల్ల ఎవరు? చప్పుడు చేయని పిల్ల. తల వంచుకొని పోయి తల వంచుకొని వచ్చే పిల్ల. నాకు తెలిసిన ఒక హాస్టల్లో (మనది కాదు, కంగారు పడకండి) ఒక అమ్మాయి పప్పులో పురుగులు వచ్చినయని గిన్నె పట్టుకొని నేరుగా ఆఫీసు గదికి పోయింది. ఆ రోజు నుంచి ఆమె "మంచిది కాదు". అదే పప్పు కళ్ళు మూసుకొని తిన్న ఎనభై మందీ మంచి పిల్లలే. తర్వాత వారం పప్పు మారింది, అందరూ తిన్నరు. ఆమె పేరు మాత్రం మారలేదు. ఆఖరికి టి.సి.లో ప్రవర్తన అనే గడిలో అందరికీ "మంచిది" అని రాసి, ఆమెకు "ఫర్వాలేదు" అని రాసిండ్రు. పురుగుల గురించి ఏ గడిలోనూ రాయలేదు.

ఇంకో వాడుక ఉన్నది: "మంచి చేసుకోవటం". వంటమనిషిని మంచి చేసుకుంటే గుడ్డు ఒకటి ఎక్కువ పడుతది. ఇక్కడ మంచి అంటే కాకా పట్టటం. ఇక "చెప్తున్న, మంచిగుండదు!" అంటే బెదిరింపు. తిట్టేటోడికీ ఈ మాటే కావాలె, పొగిడేటోడికీ ఈ మాటే కావాలె. ఇవంటే నవ్వుకోవచ్చు. నవ్వు రానిది హైదరాబాదులో విన్న.

ఎండాకాలం సెలవుల్లో చిక్కడపల్లిలో మా అన్న దగ్గర పది రోజులు ఉన్న. అన్న గ్రూప్-2కు చదువుతున్నడు. అప్పటికి స్నేహితుని గదిలో సర్దుకొని, అశోక్‌నగర్ గల్లీలల్ల గది వెతుకుతున్నడు. నేనూ వెంట తిరిగిన. టు-లెట్ బోర్డు ఉన్న ఒక ఇంట్లో పెద్దాయన మంచిగనే మాట్లాడిండు, తాగటానికి నీళ్ళు కూడ ఇచ్చిండు. "మేము మంచివాళ్ళకే ఇస్తం బాబూ" అన్నడు. సరే, బీడీ సిగరెట్టు తాగుతడా అని అడుగుతడేమో అనుకున్న. "మీరేమిట్లు?" అని అడిగిండు. అన్న చెప్పిండు. "మావాళ్ళను అడిగి ఫోన్ చేస్త" అన్నడు. ఫోన్ రాలేదు, బోర్డు అట్లనే ఉన్నది. ఆయన భాషలో మంచి అంటే నడవడి కాదు, పుట్టుక.

ఇది ఆయన ఒక్కడు కనిపెట్టింది కాదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్త జాతుల చట్టమని ఒకటి చేసిండ్రు. అది తర్వాత మద్రాసు రాజ్యానికి కూడ వచ్చింది. ఎరుకల వాళ్ళలాంటి వాళ్ళల్ల పుడితే చాలు, పోలీసు పుస్తకంలో పేరెక్కేది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ రోజుల్లో పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో గాని ఆ చట్టం దేశమంతటా పోలేదు. తప్పు చేయకముందే చెడ్డవాడని రాసిపెట్టటం సర్కారే నేర్పింది. కాగితం మీద పోయింది గాని గల్లీలల్ల ఇంకా ఉన్నది. మనుషుల్లో తేడా చూడాలంటే మంచి చెడ్డలు చూడాలె గాని కులం కాదని గురజాడ "లవణరాజు కల"లో ఎప్పుడో చెప్పిండు. ఆయన 1915లోనే పోయిండు. వందేళ్ళు దాటింది.

అదే చిక్కడపల్లిలో సెంట్రల్ లైబ్రరీ ఉన్నది. లోపల కుర్చీ దొరకనోళ్ళు బయట చెట్ల కింద కూర్చొని చదువుతరు. అక్కడ అన్నకు ముఖపరిచయమే ఉన్న ఒకాయన, ఎకానమీ నోట్సు మొత్తం జిరాక్స్ తీసుకొమ్మని ఇచ్చిండు. ఇద్దరూ రాసేది ఒకటే పరీక్ష, ఉండేవి కొన్నే ఉద్యోగాలు. మీరేమిట్లని అడగలేదు. అన్న ఆయనను మంచి చేసుకోనూ లేదు. మంచినీళ్ళలో ఉన్న మంచి అంటే నాకైతే ఇది.

కాబట్టి వార్డెన్ మేడమ్‌కు ఒక మనవి. ఏటా "మంచి విద్యార్థిని" బహుమతి ఇస్తున్నరు గదా! ఈసారి పేరు చదివి చప్పట్లు కొట్టించే ముందు, ఆ పిల్ల ఏం చేసిందో ఒక్క వాక్యం చదవండి. చదవటానికి వాక్యం దొరకకపోతే బహుమతి ఆపండి. నన్నడిగితే, జ్వరమొచ్చిన ఆరో తరగతి పిల్లకు వారం రోజులు బట్టలుతికి, జావ తాగించిన అక్క ఒకామె ఉన్నది, ఆమెకియ్యాలె. ఆమె ఒట్టి వాగుడుకాయ. స్టడీ అవర్లో ఈ నెలలోనే మూడుసార్లు బయట నిలబెట్టిండ్రు.

— ఇంటర్ రెండో సంవత్సరం, హెచ్.ఇ.సి.