మా పేరు మీద తాళం వేయొద్దు

పుస్తకాన్ని నిషేధించాలి అనగానే మాలో కొందరు ముందూ వెనకా చూడకుండా చేతులెత్తుతారు. 1988లో రష్దీ నవల దిగుమతిని కేంద్రం ఆపినప్పుడు మా పెద్దలు గెలిచామనుకున్నారు. ఏం గెలిచాం? మా వాడకు బడి వచ్చిందా? ఉర్దూ పంతులు వచ్చాడా? 2024లో ఢిల్లీ హైకోర్టు అడిగితే ఆ నిషేధపు కాగితమే దొరకలేదు. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో, తెలుగులోకి వచ్చిన తన పుస్తకం కోసం వచ్చిన తస్లీమా నస్రీన్ మీద పడినవాళ్లలో మా ఓట్లతో గెలిచిన శాసనసభ్యులున్నారు. ఆ సిగ్గు మాది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్రలోంచి మొగల్ దర్బారుల పాఠం తీసేస్తే మాకు కోపమొచ్చింది. న్యాయమైన కోపమే. కానీ నచ్చని పుస్తకాన్ని పైవాడు మాయం చేయొచ్చన్న సూత్రానికి అంతకుముందే మేం వేలిముద్ర వేసి ఉన్నాం కదా!

ఈ మాట అరకు కొండల్ని చూస్తూ అంటున్నాం. అక్కడ పుస్తకాన్ని ఆపడానికి జీవో కూడా అక్కర్లేదు. పిల్లాడిది కువి, లేదా కొండ భాష, లేదా ఆదివాసీ ఒడియా. బడిది మైదానపు భాష. 2004లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చదువు మొదలుపెట్టారు. మొదలుపెట్టడం వేరు, నిలబెట్టడం వేరు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లాడి మాట తెలిసిన పంతులు లేకపోతే పుస్తకం ఉండీ లేనట్టే. ఉర్దూ పోగొట్టుకున్న మాకు ఆ నొప్పి ఒకరు చెప్పాలా?

1922లో అల్లూరి దళం చింతపల్లి స్టేషన్ మీద పడింది. ఆ ఏడాదే అచ్చయిన ఉన్నవ 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మన్యంలో విల్లుకు ఎంత భయపడ్డారో, మైదానంలో మాలవాడ కథకూ అంతే భయపడ్డారు. నిషేధించిన దొరల పేర్లు ఎవరికి గుర్తు? 'మాలపల్లి' ఇప్పటికీ చదువుతున్నాం.

మరి ఎదిరించేదెవరు? రచయితలు అరిస్తే చాలదు. గ్రామసభ లేవాలి. ఆదివాసీల సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడే శక్తి గ్రామసభకుందని 1996 పీసా చట్టమే చెబుతోంది. గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు సెస్సు కడుతున్నది జనం. పైసలిచ్చేది కింద, పుస్తకాలు ఏరేది పైన! బాక్సైట్ తవ్వకాలకు ఎదురు నిలిచిన కొండలివి. మమ్మల్ని అడక్కుండా మా బడిలోంచి, మా లైబ్రరీలోంచి ఒక్క పుస్తకం తీయడానికి వీల్లేదని తీర్మానం రాయలేవా?

గ్రామసభే నిషేధం అంటే? అప్పుడు దాన్నీ ఎదిరిస్తాం. ఆ అధికారం పుస్తకం తెచ్చుకోవడానికి, తగలెయ్యడానికి కాదు.

కొండల్లో మేమూ బయటివాళ్లమే. 1/70 చట్టం మాకూ వర్తిస్తుంది. ఏం చదవాలో ఆదివాసీలకు చెప్పడానికి మేమెవరం? వాళ్ల అలమరకు మా పేరు చెప్పి, మా మనోభావాల పేరు చెప్పి ఎవరూ తాళం వేయొద్దంటున్నాం. మా మత పెద్దలకూ ఇదే మాట. నచ్చని పుస్తకం వస్తే కలం తీయండి, జవాబు రాయండి. అగ్గిపెట్టె తీసినవాడు మా వాడు కాదు.