వంశశుద్ధి యెక్కడిది?

ఘనవంశజులమని చాటుకొనుటకై పూర్వులను వెదకువారు మా తంబళ్లపల్లెలోను గలరు. 1911 వఱకు మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనిది గాన, మెకంజీదొర సేకరింపించిన కడప కైఫీయతులను తిరుగవేయుదురు. అందుఁ బాలెగాండ్రును గరణములును గలరు. కూలివాని తాత కానవచ్చుట యరుదు.

డి.ఎన్.ఏ. సాక్ష్యము వేఱు. హైదరాబాదు సి.సి.ఎం.బి. వారును హార్వర్డు వారును 2013లో వెల్లడించినదేమి? సుమారు 4,200 నుండి 1,900 ఏండ్ల క్రిందటి వఱకు రెండు ప్రాచీనజనములు ఈ దేశమునఁ గలసిపోయినవి. పిమ్మటనే కులములు తలుపులు మూసికొన్నవి. ఇఁక వంశశుద్ధి యెక్కడిదని మేమడుగుచున్నాము.

మూసిన తలుపుల వెనుక వ్యాధి పెరిగినది. తరతరములు తమలోఁ దామే పెండ్లాడుటచే, ఆర్యవైశ్యులలోఁ గొందఱికి శస్త్రచికిత్సలో కండరములను సడలించు మందొకటి ప్రాణాపాయకరమగుచున్నది. ఇట్టి చిక్కులు అనేక కులములలోఁ గలవు.

గోత్రమడిగి తృప్తిపడు పెద్దలారా! ఇంటి వ్యాధులను గూడ నడుగుఁడు, మేనరికమును మానుఁడు. బిడ్డల ప్రాణములకంటెఁ దాతల బిరుదులు ఘనములా?