కాటా లేని బండి

బోధన్ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి కాటా అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. శక్కర్‌నగర్‌లో షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ చెరుకు బండి కాటా ఎక్కాల్సిందే, తూకం చీటీ పుచ్చుకోవాల్సిందే. నిజాం జమానాలో, 1930లలో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పోనీండి, ఆ ఏడుపు ఇంకోసారి. ఇప్పుడు నే చెప్పొచ్చేదేమిటంటే, చెరుకుగడకి అంత లెక్కా జమా చూసుకున్న మనం, ఆ చెరుకు పండించిన మనిషి గుట్ట మీది దేవుణ్ణి చూడబోతుంటే, ఆ బండిలో ఎంతమంది ఎక్కారని మాత్రం అడగం.

కిందటి కార్తీకంలో భీమ్‌గల్ దగ్గర లింబాద్రిగుట్ట జాతరకి వెళ్ళాం. గుట్ట కింద ఆటో. ముగ్గురు కూర్చునే దాంట్లో పదకొండుమందిమి. నేను కాస్త నసిగేసరికి మా వదినె, "అందరు పోతలేరా? నీకొక్కదానికే పానమున్నదా?" అంది. నవ్వేసి ఎక్కేశాను.

ఎక్కడం బాగానే ఎక్కాం. దిగేటప్పుడు చూడాలి ముచ్చట! ఆటో అబ్బాయి ఇంజను ఆపేసి బండిని వాలుకి వదిలేశాడు. "డీజిలు మిగుల్తది గదమ్మా, ఏం గాదు" అన్నాడు. మలుపు దగ్గర బ్రేకు మీద కాలేసి తొక్కుతున్నాడు, తొక్కుతున్నాడు. వదినె మనవరాలి కాలు ఆటో బయట వేళ్ళాడుతోంది. ఆ పసిదాని కాలు రెండు చేతులా పట్టుకున్నాను గాని, "బండి ఆపు నాయనా" అని నోరు తెరిచి అనలేదు. ఎందుకంటారా? మొహమాటం. నవలల్లో నాయికల చేత ఎవరెవరినో ఎదిరింపజేసిన దాన్ని, ఆటో అబ్బాయిని ఎదిరించలేకపోయాను!

ఇంటికొచ్చాక నిద్ర పడితేనా? కొండగట్టే కళ్ళముందు మెదిలింది. మా పక్క జిల్లా జగిత్యాలలో 2018 సెప్టెంబరు 11, మంగళవారం నాడు ఆర్టీసీ బస్సు ఒకటి ఆ ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. యాత్రకొచ్చినవాళ్ళు కూడా కారు, చాలామంది ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. బస్సులో ఉన్నది 100 మంది పైచిలుకు.

ఆ వారమంతా ఏ ఇంట విన్నా రెండే మాటలు. బ్రేకులు పోయాయని ఒకరు, రాత అలా ఉందని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండేది. పాపం, రాతకి నోరు లేదు గనక ఎంత నింద మోపినా మోస్తుంది. ఆ బస్సులో ఎంతమంది ఉన్నదీ లోయలో పడ్డాక పేపర్లో అందరం చదివాం. కొండ దిగకముందు ఆ లెక్క ఎందుకు పట్టలేదు?

"అంతమంది ఎందుకెక్కారు?" అనేవాళ్ళూ ఉన్నారు. ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో తెలియని పల్లెటూరి తల్లిని అడగవలసిన ప్రశ్నేనా ఇది? ఇంకో బస్సు వెయ్యనివాళ్ళని అడగాలి గాని!

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కొండ ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇంజను ఆపేస్తే బండిని పట్టుకునే బలం సగం పోయినట్టే. బ్రేకులు అదేపనిగా తొక్కితే కాగిపోయి పట్టు వదులుతాయి. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి ఆగి దారివ్వాలని చట్టమే చెబుతోంది. మలుపు దగ్గర గట్టి పిట్టగోడ కట్టాలి, అది కట్టడానికి శవాలు లేచేదాకా ఆగక్కర్లేదు. జాతర రోజుల్లో గుట్ట కింద ఒక మనిషిని నిలబెట్టి ప్రతి బండిలో తలలు లెక్కపెట్టించాలి. గుళ్ళో లడ్డూకి లెక్కుంది, విడిచిన చెప్పుల జతకి టోకెనుంది. ఆ చెప్పులు వేసుకొచ్చిన మనిషికే లెక్క లేదు!

"ఇన్ని రూల్సు పెడితే పేదోడు దేవుణ్ణి చూడొద్దా?" అంటారు. చూడాలి. చూసి, తిరిగి ఇంటికి రావాలి. కార్లన్నీ గుట్ట కింద ఆపించి, కిందనుంచి పైకి చిన్న బస్సులు వెంటవెంటనే తిప్పితే, పేదవాడు కూర్చుని వెళతాడు, కారువాడూ అతని పక్కనే కూర్చుంటాడు. వాళ్ళకొచ్చిన నష్టమేమిటి?

సర్కారు చేసేది సర్కారు చెయ్యాలి. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది, "ఏం గాదు" అన్న మాటకి తలూపడం మానెయ్యడం. వచ్చే కార్తీకంలో మళ్ళీ లింబాద్రిగుట్టకి వెళతాను. నాలుగోవాళ్ళు ఎక్కబోతే "ఇంకో ఆటో చూసుకుందాం వదినే" అంటాను. "పెద్ద సదువుల వదినె మోపైంది" అని నలుగురూ నవ్వుతారు. నవ్వనీండి. ఆ పసిదాని కాలు ఆటో లోపలుంటే చాలు నాకు.