108 బండిలో మనుషుల లెక్క

ఈసారి మిరప ధర గురించో, ఎండిపోయిన బోర్ల గురించో రాయడం లేదు. 108 బండిలో మన మనిషి పక్కన కూర్చునే ఉద్యోగి గురించి రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

మన గిద్దలూరు తట్టు పెద్ద ప్రమాదం జరిగితే దూరం పోవాల్సిందే. నంద్యాల సుమారు అరవై కిలోమీటర్లు, మధ్యలో నల్లమల మలుపులు. ఒంగోలు పెద్దాసుపత్రికైతే నూట ముప్పై కిలోమీటర్లకు పైనే. చేలో కట్లపాము కరిచిందనుకోండి. దాని విషానికి కండరాలు పట్టు తప్పి ఊపిరి ఆగిపోతుంది. ఆసుపత్రి చేరేదాకా ఎవరో ఒకరు గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందిస్తుండాలి. పురుగుమందు తాగినోళ్లకైతే నురగ, వాంతి గొంతుకు అడ్డం పడకుండా తీస్తుండాలి. ఆ పని చేసేది ఈఎంటీ. బండి నడిపేది పైలట్. ఒక్క మనిషి స్టీరింగూ పట్టుకుని గాలి సంచీ నొక్కలేడు. ఈఎంటీ లేని 108 అంటే సైరన్ ఉన్న ట్యాక్సీ, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఈఎంటీలు, పైలట్లు చాలనప్పుడు యాజమాన్యం ఆ లోటు ఎట్లా పూడుస్తుంది? దానికి ఖరీదు ఎవరు కడుతున్నారు?

కూలీల కొరత మనకు కొత్త కాదు. మిరప కోతకు మనుషులు దొరక్కపోతే మనమేం చేస్తాం? కూలి పెంచుతాం. పక్క మండలం నుంచి ఆటో పెట్టి పిలిపిస్తాం. టీలు, టిఫిన్లు మనమే పెడతాం. ఉన్న నలుగురినే పిలిచి "ఇదే కూలికి రేపట్నుంచి ఎనిమిది మంది పని మీరే చేయండి" అంటే మరుసటి రోజు చేలో ఒక్కరూ ఉండరు. పంట ఆగదు కాబట్టి, చచ్చినట్టు ఎక్కువ ఇచ్చి కోయించుకుంటాం.

108లో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ డ్యూటీ పన్నెండు గంటలు. ఎనిమిది గంటలు చేయమని సిబ్బంది ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఎందుకు చేయరో తెలియాలంటే కాగితం మీద లెక్క వేసి చూడాలి.

వారానికి 168 గంటలు. బండి రాత్రింబగళ్లు ఉండాలి, లోపల ఎప్పుడూ ఒక ఈఎంటీ ఉండాలి. మనిషి పన్నెండు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు చేస్తే 72 గంటలు. ఇద్దరైతే 144. మిగిలిన 24 గంటలకు రిలీవర్ రావాలి. అదే ఎనిమిది గంటల డ్యూటీ అయితే మనిషికి వారానికి 48 గంటలు. అప్పుడు బండికి ముగ్గురున్నర మంది ఈఎంటీలు కావాలి. అంటే పన్నెండు గంటల పద్ధతిలోనే ఒక మనిషికి పైగా మిగులు చూపించేశారు. ఇక ఆ రిలీవర్ కూడా లేకపోతే ఇద్దరే 168 గంటలూ పంచుకోవాలి. మనిషికి 84 గంటలు. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లయినా, "నీ బదులు ఎవరొస్తారు?" అన్న మాటే వినపడుతుంది.

ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఆ అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలని అందులో ఉండేది. మిల్లులో మిషను ముందు నిలబడినోడికి ఉన్న ఆ లెక్కను, మనిషి ప్రాణం పట్టుకుని కూర్చున్నోడికి కూడా వేసి చూద్దాం. తేలిగ్గా ఉండటానికి నెలకు 20,800 జీతం అనుకుందాం. రోజుకు 8 గంటలు, 26 రోజులు, మొత్తం 208 గంటలు. గంటకు 100 రూపాయలు పడింది. 84 గంటలు చేసినోడికి 36 గంటలు అదనం. గంటకు 200 చొప్పున వారానికి 7,200. ఇద్దరికీ కలిపి 14,400. నాలుగు వారాలకు 57,600. ఆ డబ్బుతో ఇద్దరు కొత్త ఈఎంటీలను పెట్టుకోవచ్చు, వాళ్ల జీతం 41,600 పోను ఇంకా మిగులుతుంది.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాల్సి వస్తే కొరత యజమానికి నష్టం. వెంటనే మనుషుల్ని వెతుక్కుంటాడు. ఇవ్వక్కర్లేకపోతే అదే కొరత అతనికి లాభం. లాభం వచ్చే కొరతను ఎవరు పూడుస్తారు చెప్పండి?

"మనుషులు దొరకడం లేదు" అనే మాట నాకు సగమే నిజం అనిపిస్తుంది. మొదట్నుంచీ సైన్సు డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ చదివిన పిల్లల్నే తీసుకుని శిక్షణ ఇచ్చి ఈఎంటీలను చేస్తున్నారు. అట్లాంటి చదువు చదివి ఖాళీగా ఉన్న పిల్లలు మన ఊర్లలో లేరా? ఉన్నారు. ఆ జీతానికి, ఆ గంటలకు రారు. వచ్చినా నిలబడరు.

కొద్దిగా వెనక్కి పోదాం. 108 మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్‌ఐ నడిపింది. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక జీవీకే చేతికి పోయింది. 2017 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో బీవీజీ వచ్చింది. 2020 జులైలో అరబిందో వచ్చింది. బండి మీద పేరు మారుతూ వచ్చింది, లోపల డ్యూటీ చేసేవాళ్లలో చాలామంది మాత్రం పాతవాళ్లే. బీవీజీ ఉన్నది మూడేళ్లు కూడా నిండలేదు. గ్రాట్యుటీ చట్టం 1972 అడిగింది ఐదేళ్ల సర్వీసు. మరి పాత సర్వీసు కొత్త కంపెనీ లెక్కలోకి వస్తుందా? పాత బకాయి ఎవరిస్తారు? కాంట్రాక్టు మారినప్పుడల్లా ఉద్యోగి పొట్టలో ఇదే భయం. మనం కౌలుకిచ్చిన పొలంలో కౌలుదారు మారినప్పుడు పాత కూలి బాకీ ఎవరిదని పంచాయితీ పడదా? ఇదీ అంతే.

2020 జులై 1న 1,088 కొత్త 108, 104 బండ్లు రోడ్డెక్కిన రోజున, అప్పటి ముఖ్యమంత్రి జగన్ జీతాల పెంపు ప్రకటించారు. సర్వీసును బట్టి ఈఎంటీలకు 20 వేల నుంచి 30 వేల దాకా, పైలట్లకు 18 వేల నుంచి 28 వేల దాకా అన్నారు. మంచి పనే. సర్వీసుకు విలువ కట్టడం కొరతకు సరైన మందు. అయితే జీతం ఒక్కటే పెంచి గంటలు అట్లాగే ఉంచితే మందు సగమే పడినట్టు. అలసిపోయిన మనిషికి డబ్బు ఎక్కువిచ్చినా నిద్ర రాకుండా ఆగదు. రాత్రి రెండు గంటలకు నల్లమల మలుపుల్లో పైలట్ కన్ను మూతపడితే పేషెంటుతో పాటు అందరూ పోతారు.

ఈ కొరత మన ఒక్కరిదే కాదు. లండన్ అంబులెన్స్ సర్వీసుకు 2014లో మనుషులు చాలక ఆస్ట్రేలియా దాకా పోయి పారామెడిక్‌లను తెచ్చుకున్నారు. తర్వాత 2016 చివర్లో ఇంగ్లండ్‌లో పారామెడిక్‌ల జీతం గ్రేడు ఒక మెట్టు పెంచడానికి ఒప్పుకున్నారు. వేరే దేశం నుంచి తెచ్చుకుంటే ఒక కొరత ఇంకో చోటికి పోతుంది, అంతే. ఉన్నవాళ్లు నిలబడాలంటే జీతం మెట్టు పెంచక తప్పలేదు. మనకూ అదే. కొమరోలు బండిని రాచర్లకు, రాచర్ల బండిని గిద్దలూరుకు తిప్పితే కొరత తీరదు, ఏ ఊరి మీద పడాలో మాత్రమే మారుతుంది.

"వాళ్ల జీతాలు వాళ్ల కంపెనీ చూసుకుంటది, మనకెందుకు?" అని ఎవరైనా అనొచ్చు. కంపెనీకి పోయే డబ్బు మన పన్నుల డబ్బు. ఆ డబ్బు బండికి నెలకు ఇంత అని కట్టారు, మనిషికి ఇంత అని కాదు. బండి లెక్క సరిపోతే బిల్లు పాసవుతుంది. "అట్లని సమ్మె చేస్తే మనోళ్లు చావాలా?" అని ఇంకొకరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సమ్మె దాకా పోకుండా ఆపాలంటే, ముందు అడగాల్సినవాళ్లం మనమే. ఉద్యోగి అడిగితే ఉద్యోగం పోతుందేమో. రైతు అడిగితే ఏం పోతుంది?

ఏ పార్టీని తిట్టడానికో, పొగడడానికో ఈ పోస్టు రాయడం లేదు. సోమవారం గ్రీవెన్సుకు పోయినప్పుడు పట్టాదారు పాసుపుస్తకాల అర్జీతో పాటు ఈ నాలుగు ప్రశ్నలు కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

ఒకటి, మా మండలం 108కి ఎంతమంది ఈఎంటీలు, పైలట్లు, రిలీవర్లు ఉండాలి, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

రెండు, గడిచిన నెలలో మనిషి లేక బండి ఎన్ని గంటలు ఆగింది, ఈఎంటీ లేకుండా ఎన్నిసార్లు పోయింది?

మూడు, అదనపు గంటలు చేసినవాళ్లకు ఏ రేటున డబ్బు ఇస్తున్నారు?

నాలుగు, మనిషి లేని గంటలకు కాంట్రాక్టరు బిల్లులో కోత పెడుతున్నారా?

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. పది రూపాయల ఫీజుతో డీఎంహెచ్‌ఓ ఆఫీసులో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఊరికి ఒక్కరు పెట్టినా చాలు, మండలం లెక్క మొత్తం బయటికొస్తుంది.

నాలుగో ప్రశ్న మాత్రం మర్చిపోకండి. మనిషి లేని గంటకు డబ్బు కోత పడిన రోజున, మనుషులు వాళ్లంతట వాళ్లే దొరుకుతారు.