అలీబాబాను ఎవరూ రుజువు అడగలేదు

విఠలాచార్య సినిమా అనగానే మన మేధావులు పెదవి విరుస్తారు. అట్టముక్కల కోటలు, తాళ్లు కనబడే గాలి యుద్ధాలు, నవ్వే పుర్రెలు. 'జానపద బ్రహ్మ' అని బిరుదు ఇచ్చినవాళ్లే చాటుగా నవ్వుకుంటారు. మేం మాత్రం నవ్వలేం. 1970లో ఆయన తీసిన 'ఆలీబాబా 40 దొంగలు'తో మాకు వేరే లెక్క ఉంది.

మా చిన్నప్పుడు, సినిమా వచ్చి పదిహేనేళ్లు దాటినా, మా ఊరి టాకీసులో మళ్లీ మళ్లీ ఆడేది. నేల టికెట్టులో మా మొహల్లా పిల్లలం, మాదిగవాడ పిల్లలు, సాలోళ్ల పిల్లలు ఒకరి మీద ఒకరం పడి చూసేవాళ్లం. గుహ తలుపు తెరుచుకుంటే హాలంతా ఈలలు. రాముడిగా, కృష్ణుడిగా జనం మొక్కిన రామారావే అలీబాబా. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. ఆ రెండున్నర గంటలు 'అలీ' అనేది ఈలలు వేయించుకునే పేరు. తెల్లారి బడికెళితే అదే పేరున్నవాణ్ని 'ఒరే తురకోడా' అని పిలిచేవాళ్లు. రెండూ మాకు గుర్తున్నాయి.

'అది మీ కథే కదా, అందుకే మీకంత ఇష్టం' అంటారు కొందరు. కాదు సోదరులారా. 1709లో పారిస్‌లో అలెప్పో నగరపు క్రైస్తవుడు హన్నా దియాబ్ ఈ కథను గాలాండ్ అనే ఫ్రెంచి పండితుడికి చెప్పాడు. గాలాండ్ దాన్ని ఫ్రెంచిలో అచ్చు వేశాడు. అంతకు ముందటి అరబ్బీ రాతప్రతి ఏదీ దొరకలేదు. క్రైస్తవుడు చెప్పిన కథను ఉడుపి వైపు కన్నడిగుడు తెలుగులో తీస్తే కృష్ణా జిల్లా రామారావు వేషం కట్టాడు. ఇందులో ఎవరి సొత్తు ఎంత? ఎవరి సొత్తూ కాదు గనుకే అందరికీ దక్కింది. ఇన్నేళ్లయినా అది బతికి ఉండడానికి ఒక కారణం ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ సినిమా అబద్ధమని ఒప్పుకునే అబద్ధం చెప్పింది. తాడు కనబడుతూనే ఉంటుంది. ఆ బాగ్దాదును నిజమని నమ్మి ఎవరూ ఎవరింటి మీదా రాయి వేయలేదు. మరి 1992 'రోజా', 1995 'బొంబాయి', 2002 'ఖడ్గం' సంగతేమిటి? అవి వాస్తవమన్న పేరుతో వచ్చాయి. 'ఖడ్గం'లో అంజద్ ఆటో నడుపుకునే మంచివాడు. 'మంచి ముస్లింను చూపించాం కదా' అంటారు. ఆ మంచివాడు దేశం మీద ప్రేమ ఉందని ఎందుకు చెప్పుకోవాలి? పక్కింటి సుబ్బారావును ఏ సినిమా ఆ ప్రశ్న అడిగింది? అలీబాబాను ఎవరూ రుజువు అడగలేదు. అట్టముక్కల కోటలో మాకు దొరికిన గౌరవం అసలు వీధి చూపిస్తామన్న సినిమాల్లో దొరకలేదు.

అలాగని బాగ్దాదే చాలని మేం అనడం లేదు. మాలోనూ కొందరికి కిరీటాలు, నవాబులు కనబడితే చాలు, కడుపు నిండిపోతుంది. మేం నవాబుల వారసులం కాదు. బీడీలు చుట్టేవాళ్లం, పంక్చర్లు వేసేవాళ్లం, దూదేకేవాళ్లం, మిషను కుట్టేవాళ్లం. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడేవాళ్లం. మా అమ్మీ తెలుగులో బేరమాడి ఉర్దూలో దువా చేస్తుంది. ఈ మనుషులు తెలుగు తెర మీద ఎన్నిసార్లు కథానాయకులయ్యారు? అలీ బాగ్దాదులో ఉంటే వీరుడు, నల్లగొండలో ఉంటే అనుమానితుడు. ఇదెక్కడి న్యాయం?

లౌకికవాద మిత్రులు సినిమాను చూసి నవ్వడం ఆపి దీనికి జవాబు చెప్పాలి. మాకు దయ చూపే పాత్రలు వద్దు, పరీక్షలు పెట్టే పాత్రలు వద్దు. అప్పు తీర్చలేక తిప్పలు పడే అలీ, ప్రేమించి దెబ్బలు తినే అలీ, తప్పు చేసి చెంపలు వేసుకునే అలీ కావాలి. వాడు మన వీధిలోనే ఉంటాడు. వాడి కోసం కూడా అప్పటిలాగే నేల టికెట్టు వాళ్లందరూ ఈల వేస్తారు. జనం మీద మాకు ఆ నమ్మకం ఉంది. లేనిదల్లా సినిమా తీసేవాళ్ల మీదే.