జీవన ఎరువులలో జీవమున్నదా?



మొక్కజొన్నకు నేడు మంచి కాలము వచ్చినది. కోళ్ల దాణాకు ఎటూ కావలసినదే. దానికితోడు ఇథనాల్ గిరాకి తగిలినది. 2025-26కు కేంద్రము క్వింటాలుకు 2,400 రూపాయల మద్దతుధర ప్రకటించినది. మా రాజపాళయము ప్రాంతపు మెట్టచేలలోను ఈ పైరు కద్దు. కాని ఇది నత్రజనిని విపరీతముగా తిను పైరు. 45 కిలోల యూరియా బస్తా సుమారు 266 రూపాయలకే దొరకుచుండగా రైతు చేయి ఎందుకు వెనుకాడును? మిగిలిన ఖర్చు ఖజానాది. యూరియా మొదలగు రసాయన ఎరువుల వాడకము తగ్గించిన రాష్ట్రములకు మిగిలిన సబ్సిడీలో సగమిత్తుమని 2023 జూన్‌లో కేంద్రము పి.ఎం. ప్రణామ్ పథకమును ఆమోదించినది. బాగున్నది. అయితే ఆ తగ్గించిన యూరియాకు బదులుగా రైతు చేతికి వచ్చుచున్న దేమి?

అజోస్పిరిల్లమ్ అను బాక్టీరియా పొట్లము. కంది, వేరుశనగలవలె మొక్కజొన్న వేళ్లకు బుడిపెలుండవు. ఈ జీవులు వేళ్లనంటి బ్రతుకుచు గాలిలోని నత్రజనిని కొంత అందించును. వేళ్లు గుబురుగా పెరుగుటకు తోడ్పడును. 1970 దశకమున బ్రెజిల్‌లో డోబెరైనర్ అను శాస్త్రజ్ఞురాలు వీని ప్రయోజనమును లోకమునకు చాటినది. వీనితోబాటు భాస్వరపు బాక్టీరియాను కూడ మన కోయంబత్తూరు విశ్వవిద్యాలయము సిఫారసు చేయుచున్నది. యూరియా అక్కరలేదని కాదు, కొంత ఆదా యగును.

చిక్కంతయు ఇది ప్రాణమున్న సరుకగుటలో నున్నది. గ్రాముకు 5 కోట్ల జీవకణము లుండవలెనని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిబంధన. 2006లో జీవన ఎరువులను దాని క్రిందికి తెచ్చిరి.  నేను చూచిన ఒక దుకాణములో రేకుల కప్పు క్రింద, పురుగుమందుల నడుమ ఈ పొట్లములు పడియున్నవి. గడువు తీరి రెండు మాసములు. ఎన్నో ఏండ్లు స్టాకు రిజిస్టరులు వ్రాసినవాడను. రిజిస్టరులో పొట్లములు సరిపోవును, లోపలివి బ్రతికి యున్నవో లేదో అందులో కాలము లేదు.

మరియొకటి. హైబ్రిడ్ విత్తనము తెగుళ్ల మందు పట్టించి, రంగు పూసి వచ్చుచున్నది. గంజిలో కలిపిన బాక్టీరియాను ఆ గింజకే పట్టించిన నిలుచునా? అట్టి విత్తనము వేయువారు హెక్టారుకు 2 కిలోల అజోస్పిరిల్లమ్‌ను 25 కిలోల పశువుల ఎరువు, 25 కిలోల మట్టితో కలిపి చేనిలో చల్లుట మేలు. ఈ మాట పొట్లముపై ముద్రించుటకు ఎంత ఖర్చు?

వ్యవసాయశాఖవారు నమూనాలను ఫ్యాక్టరీలో కాక దుకాణములలో తీసి పరీక్షింపవలెను. ఫలితమును అక్కడే బోర్డుపై వ్రాయవలెను. ఈశాన్యపు వానలకు ముందే, సెప్టెంబరులో, తాజా సరుకు చల్లని గదులకు చేరవలెను. గుంటూరు, కరీంనగరము పాఠకులు తమ ఊళ్లలో పొట్లములపై ఏ తేదీ యున్నదో చూచి ఈ శీర్షికకు వ్రాసిన ఉపకారమగును.

ఇట్లు
ఒక రిటైర్డు గుమాస్తా
చోళపురం, రాజపాళయము తాలూకా